ఔటర్ రింగ్ రోడ్డు పక్క వీకెండ్ బేస్‌బాల్ బ్యాచ్: భుజానికి భద్రం, తలకి దేవుడే దిక్కు

బెంగళూరులో మారతహళ్ళి దాటాక, ఒక క్రికెట్ నెట్స్ గ్రౌండ్‌లో శని, ఆదివారాలు పొద్దున 6.30 నుంచి 8 దాకా నడిచే పిల్లల బ్యాచ్ ఇది. 9 నుంచి 14 ఏళ్ళ వాళ్ళని చేర్చుకుంటారు. పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి మరి.

ముందు మంచి. కోచ్‌ది మదనపల్లె వైపు. పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళే, మిగతావాళ్ళతో కన్నడం. క్లాసంతా ఒకటే మాట వినబడుతుంది: "మోచెయ్యి దించినావంటే బంతి పైకి పోతాది రా!" వినడానికి చిన్న మాటే గానీ అసలు విద్యంతా అందులోనే ఉంది. మన పిల్లలు క్రికెట్ బౌలింగ్ అలవాటుతో వస్తారు, చెయ్యి చాచి తిప్పేస్తారు. బేస్‌బాల్‌లో మోచెయ్యి మడిచి భుజం ఎత్తుకి తేవాలి, ముందు తుంటి తిరగాలి, ఆ వెనకే చెయ్యి రావాలి. మోచెయ్యి దిగితే వేళ్ళు బంతి కిందికి జారతాయి, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ తల మీదుగా పోతుంది. అంతకంటే పెద్ద తంటా, బరువంతా మోచేతి లోపలి లిగమెంట్ మీద పడటం.

అందుకని మొదటి రెండు వారాలు గట్టిగా విసరనివ్వరు. ఒక మోకాలు నేల మీద పెట్టి 5 మీటర్ల దూరం నుంచి విసిరిస్తారు. తర్వాత టవల్ డ్రిల్: బంతికి బదులు చిన్న తువ్వాలు వేళ్ళ మధ్య పట్టుకుని, ఎదురుగా కూర్చున్నవాడి గ్లవ్‌ని దాని కొసతో కొట్టాలి. అడుగు పొట్టిగా పడితే తువ్వాలు అందదు, తప్పు ఎక్కడుందో పిల్లాడికే తెలిసిపోతుంది. అమెరికాలో పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) నేర్పే కోచ్ టామ్ హౌస్ పేరుతో బాగా ప్రచారమైన డ్రిల్ ఇది. జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లని 2008లో పిచర్లుగా తయారుచేసింది ఆయనే. ఆ ఏడాదే ఇద్దరూ అక్కడి ప్రొఫెషనల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు.

కోచ్ చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్ ఎప్పుడూ ఉంటుంది. శనివారం ఏ పిల్లాడికైనా 20 పిచ్‌లు, అంటే బ్యాటర్‌కి విసిరే బంతులు 20, అంతే. "ఇంత ఫీజు కట్టి ఇరవై బంతులేనా సార్" అని గేటు దగ్గర గొణిగే నాన్నలున్నారు. లెక్క కోచ్‌దే కరెక్టు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్ వాళ్ళ పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 14 ఏళ్ళలోపు వాళ్ళు 20 దాటితే ఒక రోజు, 35 దాటితే రెండు రోజులు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. 20 దగ్గర ఆపితేనే ఆదివారం మళ్ళీ విసరగలరు. అయితే సాయంత్రం పిల్లాడు క్రికెట్ నెట్స్‌లో ఆరు ఓవర్లు వేసొస్తే ఆ సంగతి క్లిక్కర్‌కి తెలియదు. అది మీరే చెప్పాలి.

ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి దూరం దగ్గర ఎలా తప్పాడో అర్థం కాదు. పిచింగ్‌కి క్రికెట్ పిచ్‌నే వాడేస్తున్నారు, స్టంప్స్ నుంచి స్టంప్స్‌కి. అంటే 20.12 మీటర్లు. ప్రొఫెషనల్స్ విసిరేదే 18.44 మీటర్ల నుంచి! అక్కడి పిల్లల పోటీ లిటిల్ లీగ్‌లో 12 ఏళ్ళవాడికి 46 అడుగులు, అంటే 14 మీటర్లు చాలు. దూరం ఎక్కువైతే పిల్లాడు బంతి అందించడానికి నడుం వెనక్కి వంచేస్తాడు, మోచెయ్యి దానంతటదే దిగుతుంది. రెండు వారాలు నేర్పిందంతా గంగలో కలిసినట్టే. ఒక టేపు, గుప్పెడు సున్నం ఉంటే తీరిపోయే పని.

ఇక తల సంగతి. బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి కోచ్ 10 మీటర్ల నుంచి తనే బంతి వేస్తాడు, ముందు ఎల్-స్క్రీన్ లేకుండా. ఎల్-స్క్రీన్ అంటే పెద్ద రహస్యమేం కాదు, ఎల్ ఆకారపు పైపు ఫ్రేముకి వల కట్టింది. ఖాళీ మూలలోంచి బంతి వేసి వల వెనక్కి తప్పుకోవాలి. 2007లో మైక్ కూల్‌బా అనే మైనర్ లీగ్ కోచ్ ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి ఉండగా లైన్ డ్రైవ్ (బ్యాట్ నుంచి పైకి లేవకుండా సూటిగా దూసుకొచ్చే బంతి) తగిలి చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచే అక్కడ బేస్ కోచ్‌లకి హెల్మెట్ తప్పనిసరి అయింది. ఇక్కడ 14 మంది పిల్లలకి నాలుగు హెల్మెట్లు, నాలుగూ ఒకే సైజు. చిన్నవాళ్ళకి పరుగెత్తేటప్పుడు కళ్ళ మీదికి జారుతున్నాయి.

బ్యాట్లలో రెండు పెద్దవాళ్ళవి: 30 అంగుళాలు, డ్రాప్ 3 (పొడవు అంగుళాల కంటే బరువు ఔన్సులు ఎంత తక్కువో అదే డ్రాప్), అంటే 27 ఔన్సులు. పదేళ్ళ పిల్లాడు తిప్పేలోపు బంతి దాటిపోతుంది. అదే పొడవులో డ్రాప్ 10 అయితే 20 ఔన్సులే, అదే అడిగి తీసుకోండి. గ్లవ్ మాత్రం సొంతది కొనండి, 11 నుంచి 11.5 అంగుళాలు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతి గ్లవ్ కావాలి, తిరగేసి కొనేవాళ్ళు చాలామంది. కొత్త గ్లవ్‌కి కొబ్బరినూనె పట్టించకండి, తోలు బరువెక్కి మెత్తబడిపోతుంది, వానాకాలంలో బూజు కూడా. బంతి లోపల పెట్టి తాడుతో కట్టి రాత్రంతా ఉంచితే చాలు.

వాన పడితే పొద్దున ఆరింటికి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. పోయిన క్లాసు పోయినట్టే, బదులు పెట్టరు.