ఛాంగ్షాలో ఒక పట్టు చిత్రం ముందు

చైనాలోని గ్వాంగ్జౌలో పని అయ్యాక రెండు రోజులు మిగిలాయి. హైస్పీడ్ రైలెక్కి, మా ఆయనా నేనూ దాదాపు రెండున్నర గంటల్లో ఛాంగ్షా చేరాం. వెళ్లింది అక్కడి మావాంగ్‌దుయి అనే పురాతన సమాధిలో దొరికిన పట్టు చిత్రం కోసమే.

ముందు బస సంగతి చెప్పాలి. యాప్‌లో బుక్ చేసుకున్న హోటల్‌వాళ్లు విదేశీ పాస్‌పోర్టులు తీసుకోం అని వెనక్కి పంపేశారు. రాత్రి పదింటికి సూట్‌కేసులతో రోడ్డు మీద నిలబడితే టెన్షన్ పడకుండా ఎలా ఉంటాం? వూయీ స్క్వేర్ దగ్గర ఇంకో హోటల్లో ఐదు నిమిషాల్లో గది ఇచ్చారు. డబ్బు కట్టేముందే మెసేజ్ పెట్టి కనుక్కోండి. అక్కడ అర్ధరాత్రి దాటినా సందడే, అందుకని వీధి వైపు గది వద్దు. తిండికి మాత్రం లోటు లేదు, అక్కడి వంటల్లో కారం మనకు సరిపోతుంది.

ఆ చిత్రం ఉన్న హునాన్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టుతో ముందే స్లాట్ తీసుకోవాలి. సోమవారం సెలవు.

1972లో తవ్విన ఒకటో సమాధి, దాయ్ ప్రభువు లి ఛాంగ్ భార్య షిన్ ఝుయ్‌ది. దాదాపు 2,200 ఏళ్ల నాటిది. ఒకదానిలో ఒకటి అమర్చిన నాలుగు శవపేటికల్లో, అన్నిటికన్నా లోపలి దాని మీద ఈ చిత్రం పరిచి ఉంది. ఇంగ్లీషు అక్షరం ‘టీ’ ఆకారంలో, 205 సెంటీమీటర్ల పొడవు. బొమ్మ ఉన్న వైపు కిందికి, ఆమె వైపు తిప్పి పరిచారు. అంటే గీసింది ఆమె కోసమే, మన కళ్ల కోసం కాదు. నా మనసు అక్కడే ఆగిపోయింది.

వెలుతురు తక్కువ, కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. కింద రెండు పెద్ద చేపల మీద నిలబడి నేలను మోసే బలశాలి. పైన స్వర్గ ద్వారం, ఇద్దరు కావలివాళ్లు. ఇంకా పైన ఒక పక్క ఎర్రటి సూర్యుడిలో కాకి, ఇంకో పక్క నెలవంక మీద కప్ప, కుందేలు. ఇది ఆత్మ పైకి వెళ్లే దారా, పోయినామెను వెనక్కి పిలిచే తంతుకు సంబంధించిందా అన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు.

నడుమ ఒక ముసలామె, అంటే షిన్ ఝుయ్, కాస్త వంగి, కర్ర మీద బరువు ఆన్చి నిలబడి ఉంది. వెనక ముగ్గురు పరిచారికలు, ముందు మోకరిల్లిన ఇద్దరు. చెడిపోకుండా దొరికిన దేహానికి చేసిన శవపరీక్షలో ఆమెకు గుండె జబ్బు, పిత్తాశయంలో రాళ్లు, నడుములో వెన్నుపూసల జబ్బు బయటపడ్డాయి. ఆ కర్ర గీసినవాడికి ఆమె నడక తెలుసనిపించింది. మా అమ్మమ్మ కర్మల్లో గొడుగు, చెప్పులు, చేతికర్ర దానమిచ్చాం, దారిలో ఆమెకు పనికొస్తాయని. ఆ కర్ర పట్టుకున్న చెయ్యి చూస్తుంటే కళ్లు చెమర్చాయి.

జనమంతా గాజు కింద ఉన్న షిన్ ఝుయ్ దేహం దగ్గరే గుమిగూడతారు. నేనైతే అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆ తోపులాటలో గంట పోగొట్టుకోకండి. అదే సమాధిలో దొరికిన 49 గ్రాముల పట్టు అంగీ ముందు పది నిమిషాలు ఉండండి, మిగతా సమయమంతా చిత్రానికే ఇవ్వండి. మేం రెండో రోజుకి కూడా ముందే స్లాట్ తీసుకున్నాం. పొద్దున తలుపులు తీయగానే వెళ్తే, కాసేపు ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం.