ఇంటి నుంచి ఉద్యోగానికి సెక్యూరిటీ కీ: ఏళ్ల తరబడి వాడాక

ఆఫీసు వీపీఎన్‌కూ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) మెయిలుకూ ఓటీపీలు మానేసి యూఎస్‌బీ సెక్యూరిటీ కీకి, అంటే లాగిన్ అయ్యేది మనమేనని నిరూపించే చిన్న పరికరానికి, మారి ఏళ్లు గడిచాయి. ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి రోజూ పని మొదలయ్యేది దానితోనే. ఎవరు అడిగినా కొనుక్కోమనే చెబుతాను. అయితే ఒకటి కాదు, రెండు కొనాలి.

వాడకం తేలిక. పిన్ కొట్టగానే కీ మీద చిన్న దీపం మిణుకుమంటుంది, వేలితో తాకితే లాగిన్ పూర్తవుతుంది. ఛార్జింగ్ గొడవ లేదు, సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని తిరిగే పని లేదు.

దాని అసలు విలువ నకిలీ లాగిన్ పేజీ దగ్గర తెలుస్తుంది. ఒకసారి మా ఉద్యోగులకు అలాంటి లింకుతో మెయిల్ వస్తే, భద్రతా బృందం దాన్ని విడిగా ఉంచిన కంప్యూటర్లో తెరిచి వీడియో కాల్‌లో అందరికీ చూపించింది. లోగో, రంగులు అచ్చు గుద్దినట్టున్నాయి. చిరునామాలో ఒక్క అక్షరమే తేడా. అలాంటి చోట ఓటీపీ కొడితే దొంగలు మరుక్షణం దాన్ని అసలు సైటులో వాడేస్తారు. కీ విషయంలో అది కుదరదు. రిజిస్టర్ చేసిన రోజే అది ఆ సైటు డొమైన్‌తో, అంటే దాని వెబ్ చిరునామాతో, ముడిపడుతుంది. లాగిన్‌కు కావాల్సిన డిజిటల్ సంతకం చేసే రహస్యం పరికరం దాటి బయటికి రాదు. డొమైన్ వేరైతే ఆ సంతకం పుట్టదు. 2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే టెక్ కంపెనీల ఉద్యోగులకు ఒకే తరహా నకిలీ ఎస్ఎంఎస్‌లు వెళ్లాయి. ట్విలియోలోకి దొంగలు చొరబడ్డారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో కొందరు పాస్‌వర్డ్ ఇచ్చేసినా, కీలు అడ్డుపడటంతో లోపలికి రాలేకపోయారు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, నాకు దీని మీద ఉన్న నమ్మకానికి.

ఇబ్బందులు లేకపోలేదు. ల్యాప్‌టాప్ మారితే పోర్టు కలవకపోవచ్చు. పిన్ వరుసగా 8 సార్లు తప్పితే కీ లాక్ అవుతుంది, రీసెట్ చేస్తే పాత రిజిస్ట్రేషన్లన్నీ పోతాయి. నాకు కోపం తెప్పించేది మరొకటి: కొన్ని సైట్లు కీ పెట్టుకోనిస్తూనే ఎస్ఎంఎస్ దారిని మూయనివ్వవు. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే.

అలాంటి పెరటి తలుపు హెల్ప్‌డెస్క్‌లోనూ ఉంటుంది. దూరం నుంచి పనిచేసేవాళ్లు ఐటీ వాళ్ల ముందుకెళ్లి ముఖం చూపించలేరు, అంతా ఫోనులోనే. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఉద్యోగి నంబరు, పుట్టిన తేదీ చెబితే చాలు, పాస్‌వర్డ్ తర్వాత ఉండే రెండో అంచె రక్షణ తీసేసేవారు. ఆ వివరాలు సంపాదించడం దొంగకు ఎంత పని? ఇప్పటి చోట అలా లేదు. నా కీ పాడైనప్పుడు వాళ్ల దగ్గర నమోదై ఉన్న నంబరుకు తిరిగి ఫోన్ చేశారు, మా మేనేజర్‌ను వీడియో కాల్‌లోకి పిలిచి నేనేనని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాతే కొద్దిసేపు పనిచేసే తాత్కాలిక కోడ్ ఇచ్చారు. పని ఆగినా నాకు విసుగనిపించలేదు, నా పేరు చెప్పుకుని ఇంకెవరు ఫోన్ చేసినా ఇలాగే నిలదీస్తారన్న ధైర్యం కలిగింది. మీ కంపెనీ కీలు ఇస్తుంటే, పోయినప్పుడు ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకోండి.

ఒకటి పోయినా పని ఆగకుండా రెండో కీని మొదటిదానితో పాటే రిజిస్టర్ చేసి వేరే చోట దాచాలి, అప్పుడప్పుడూ దానితోనూ లాగిన్ అయి చూడాలి. కీని అంగీకరించని ఖాతాలకు ప్రస్తుతం ఫోనులోనే లాగిన్ కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో సరిపెట్టుకుంటున్నాను.