ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు ఏం వచ్చో ఎలా తెలుసుకోవాలి? మూడు పద్ధతుల్లో ఏది మేలు?

జూన్‌లో బడి తెరిచాక ఒకటో తరగతి గదిలోకి ఒకసారి తొంగి చూడండి. యూకేజీ పూర్తిచేసి ఏబీసీడీలు గడగడా అప్పజెప్పే పాప ఉంటుంది. అంగన్‌వాడీలో ఆటపాటలు నేర్చుకుని వచ్చినవాడు ఉంటాడు. బలపం పట్టుకోవడమే ఇవాళ మొదలైన పిల్లా ఉంటుంది. అందరికీ ఒకే పాఠం మొదలుపెట్టే ముందు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. అందుకు మన బడుల్లో మూడు దారులున్నాయి: కాగితం మీద పరీక్ష పెట్టడం, ఒక్కొక్కరినీ పిలిచి నోటితో అడగడం, కొన్ని వారాలు గమనించి రాసుకోవడం. నా ఓటు రెండోదానికే, కానీ మొదటి వారంలో మాత్రం కాదు.

కాగితం పరీక్ష గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. సీటు ఇవ్వడానికి ముందు పెడితే అది చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం (2009) 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోయకూడదు. మొదటిసారి పట్టుబడితే 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ‘ఇంటరాక్షన్’ అని పేరు మార్చినంత మాత్రాన చేసేది మారదు. సరే, చేరిన తర్వాత పెడితే? అప్పుడూ పెద్దగా ఉపయోగం లేదు. మూడు బాతుల బొమ్మ ఇచ్చి ఎన్నో రాయమంటే, ‘మూడు’ అని నోటితో చెప్పగలిగినవాడు అంకెను తిరగేసి రాస్తాడు, లేదా పక్కపిల్ల కాగితంలోకి చూస్తాడు. చివరికి మనకు తెలిసేది పెన్సిల్ పట్టు ఎలా ఉందన్నదే.

నోటితో అడగడం వేరు. దీనికి అందరికీ తెలిసిన నమూనా పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్న అసర్ సర్వే. ఇంటికి వెళ్లి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం నుంచి భాగహారం దాకా వెళ్తారు. ఏవైనా ఐదు అక్షరాలు అడిగితే నాలుగు సరిగ్గా చెప్పాలి. సులువు, చవక, పది నిమిషాల పని. కొందరు టీచర్లు ఆ సర్వేలో చదివించే కాగితాన్నే తెచ్చి ఒకటో తరగతి మొదట్లో వాడేస్తుంటారు. చిక్కంతా అక్కడే. ఆ వయసులో సగానికి సగం మంది అట్టడుగు మెట్టు మీదే ఆగిపోతే, ఆ మెట్టు మీదున్నవాళ్లలో తేడాలేమిటో ఆ కాగితం చెప్పదు. మూడో తరగతికి పనికొచ్చే సాధనం అది. 2019లో నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మీద చేసిన అసర్ సర్వేలో వస్తువులను జట్లుగా వేరుచేయడం, వరుసలో పేర్చడం లాంటి పనులు కలిపారు. బడి మొదట్లో అడగాల్సినవి ఆ తరహావి.

పద్ధతి సంగతి అలా ఉంచి, అడిగే తీరు చూద్దాం. అక్షరమాల చార్టులో ‘ఉ’ మీద వేలు పెట్టి ‘ఇదేంటి నాన్నా?’ అనండి. ఒకరు వెంటనే చెప్తారు. ఇంకొకరు పెదాలు కదుపుతూ ‘అ, ఆ, ఇ, ఈ’ అని మొదటి నుంచి లాక్కొచ్చి అక్కడ ఆగుతారు. మరొకరు ‘ఉడుత’ అంటారు, చార్టులో ఉన్న బొమ్మ గుర్తొచ్చి. మొదటివారికి అక్షరం వచ్చు, రెండోవారికి వరుస వచ్చు, మూడోవారికి బొమ్మ వచ్చు. ముగ్గురికీ రేపు చెప్పాల్సింది వేరు వేరు. అందుకే బొమ్మలు లేకుండా, వరుస మార్చి రాసిన అట్టముక్కలు దగ్గరుంచుకోవడం మంచిది. ‘కలం, కమలం, బలపం, వీటిలో వేరేగా మొదలయ్యేది ఏది?’ అని చెవితో ఆడే ఆటకైతే అట్టలు కూడా అక్కర్లేదు. అక్షరం ఒక్కటీ రాని పాప కూడా ‘బలపం’ అని టక్కున చెప్పిందంటే చదువుకు కావలసిన ముడిసరుకు ఆమె దగ్గర ఉన్నట్టే.

లెక్కలకు గుప్పెడు చింతగింజలు చాలు. ఇరవై దాకా ఏకరువు పెట్టినవాణ్ణి ఏడు గింజలు ఇవ్వమంటే నోరు ఒకచోట, వేలు ఒకచోట ఉంటాయి. ఒక గింజను వదిలేస్తాడు, ఇంకోదాన్ని రెండుసార్లు లెక్కపెడతాడు. సరిగ్గా లెక్కపెట్టినవాణ్ణి కూడా ‘అయితే మొత్తం ఎన్ని?’ అని అడిగి చూడండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడంటే, చివర చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి వాడికింకా తెలియలేదన్నమాట. అవే గింజలను దూరందూరంగా పేర్చితే ‘ఎక్కువయ్యాయి’ అంటారు చాలామంది. ఆ వయసుకు అది మామూలే, తప్పు కింద వేయకూడదు.

ఇక గమనించడం. కొత్త జాతీయ విద్యావిధానం (2020) వచ్చాక, బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తెచ్చిన విద్యాప్రవేశ్ కార్యక్రమం అచ్చంగా దీనికోసమే: ఒకటో తరగతి మొదటి మూడు నెలలు ఆటలతో పిల్లలను బడికి అలవాటు చేస్తూ వాళ్లు చేసేవి గమనించడం. టీచరమ్మ అడిగితే నోరు మెదపని పిల్ల, బొమ్మరిల్లు ఆటలో చేసే వ్యాపారంలో చిల్లర సరిగ్గా లెక్కేస్తుంది. ఇది ఏ పరీక్షకూ దొరకదు. కానీ ఐదు తరగతులూ ఒక్కరే చూసుకునే బడిలో ఎవర్ని గమనిస్తారు? నెలాఖరులో పట్టిక నింపాల్సి వచ్చినప్పుడు గుర్తున్నంత మేరకు, మంచిపిల్లలకు మంచి టిక్కులు పడిపోతాయి. తూతూమంత్రంగా నింపిన పట్టిక కన్నా ఖాళీ పట్టికే నయం. మోసం లేదు కదా.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో 2021 సెప్టెంబరు నుంచి రిసెప్షన్ తరగతిలో (నాలుగైదేళ్ల పిల్లలు చేరే మొదటి తరగతి) చేరిన పిల్లలందరికీ మొదటి ఆరు వారాల్లో టీచరు ఒక్కొక్కరితో సుమారు ఇరవై నిమిషాలపాటు ముఖాముఖి పరీక్ష చేయాలి. మార్కులు తల్లిదండ్రులకూ, బడికీ చెప్పరు. ఆ పిల్లలు ప్రాథమిక బడి ముగించేనాటికి బడి ఎంత ముందుకు తీసుకెళ్లిందో లెక్కకట్టడానికి దాచిపెడతారు. అంటే కొలిచేది బడిని. మనకు కావలసింది రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలన్నది, కాబట్టి అది మన అవసరానికి సరిపోదు. ఆరు వారాల గడువు, ముఖాముఖి కూర్చోవడం అన్న రెండూ మాత్రం అరువు తెచ్చుకోదగ్గవే.

నా లెక్క ఇది. మొదటి రెండు వారాలు బెదురు పోనివ్వాలి. మూడో వారం నుంచి రోజుకు ముగ్గురు. పదిహేను మందున్న తరగతి ఒక వారంలో అయిపోతుంది. మిగతావాళ్లకు ఆ సేపు మట్టిబొమ్మలో, రంగులో ఇవ్వాలి. నోరు విప్పనివాళ్లకు ‘రాదు’ అని రాయకుండా, వాళ్లను మాత్రం ఇంకో నెల గమనించాలి. అందరినీ గమనించడం కుదరకపోయినా ముగ్గురు నలుగురిని గమనించడం కుదురుతుంది.

ఏ భాషలో అడిగామన్నది పక్కనే రాసుకోవాలి. యూకేజీ చదివిన పాపకు ట్వెల్వ్ తెలుసు, పన్నెండు తెలియదు. ఉర్దూ ఇంటి నుంచి, తండా నుంచి వచ్చిన పిల్లలను తెలుగులో మాత్రమే అడిగితే మనం కొలిచింది లెక్కను కాదు, తెలుగును. ఆ భాష వచ్చిన నాలుగో తరగతి పిల్లనో, వంటమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, ‘ఉర్దూలో 20 దాకా, తెలుగులో 5 దాకా’ అని రిజిస్టర్లో రాసుకోవచ్చు. ఆ పిల్లకు కొత్తగా నేర్పాల్సింది లెక్కపెట్టడం కాదు, తెలుగు అంకెల పేర్లు.