వింటర్ టైర్లు ఎప్పుడు వేయించాలి: తేదీని బట్టా, చలిని బట్టా, మంచు పడ్డాకా?

కెనడాలో కారు నడిపేవారు వింటర్ టైర్లకు, అంటే చలికాలం కోసం చేసిన టైర్లకు, ఎప్పుడు మారాలన్న విషయంలో మూడు పద్ధతులు పాటిస్తుంటారు. కొందరు చట్టం చెప్పిన తేదీ దగ్గరపడే దాకా ఆగుతారు, కొందరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగగానే మారుస్తారు, మరికొందరు తొలి మంచు కళ్ళబడితే తప్ప కదలరు. నా దృష్టిలో చలిని చూసి మార్చడమే మేలు. అయితే ఏ వేళ చలిని చూడాలన్న దగ్గర చాలామంది పొరబడతారు.

మూడో పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మంచు పడిన రోజునే ఊరంతా టైర్ల షాపులకు ఫోన్లు చేస్తుంది కనుక వెంటనే అపాయింట్‌మెంట్ దొరకదు. దొరికినా, అక్కడికి పాత టైర్ల మీదే జారుడు రోడ్డున వెళ్ళాలి. ఇంతా చేసి ఆదా అయ్యేది వింటర్ టైర్ల మీద కొన్ని వారాల అరుగుదల మాత్రమే.

తేదీ పద్ధతిలో కొంత బలం ఉంది. క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి, లేకపోతే 200 నుంచి 300 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. 2019కి ముందు ఆ గడువు డిసెంబరు 15న మొదలయ్యేది. అక్కడి మాంట్రియల్ నగరంలో నవంబరులోనే మంచు పడటం మామూలే కాబట్టి, చట్టం పెట్టిన తేదీని ఆఖరి గడువుగా చూడాలే గాని, మార్చడానికి తగిన రోజుగా భావించకూడదు. పశ్చిమ తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం సంగతి వేరు. అక్కడ కొండదారుల్లో అక్టోబరు 1 నుంచే ఈ నిబంధన అమల్లోకి వస్తుంది, వాంకూవర్‌లో చిరుజల్లు కురుస్తున్న వేళ కొండల మీదుగా పోయే కోకిహాలా హైవే ఎగువన మంచు పేరుకుని ఉండవచ్చు. కింద ఉన్నవాడికి పైనున్న వాతావరణం తెలియదు కనుక అలాంటిచోట తేదీని నమ్ముకోవడమే తెలివైన పని. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో అసలు చట్టమే లేదు. కాకపోతే వింటర్ టైర్లు వేసుకున్నవారికి బీమా సంస్థలు తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2016 నుంచి ఉంది కాబట్టి, దానికి పాలసీలో తేదీల షరతు ఏమైనా పెట్టారేమో చూసుకోవడం మంచిది. జర్మనీలో చట్టం తేదీ జోలికే పోకుండా, రోడ్డు మీద మంచో గడ్డమంచో ఉన్నప్పుడు తగిన టైర్లు ఉండి తీరాలంటుంది. అక్టోబరు నుంచి ఈస్టరు దాకా అన్నది అక్కడి జనం పెట్టుకున్న లెక్క.

ఇక చలి లెక్క. వేసవి టైరు రబ్బరు, చలికాలపు ఉదయం సీసాలో కొబ్బరినూనె గట్టిపడ్డట్టు, చలికి బిగుసుకుంటుంది. మంచు చుక్క పడని పొడి రోడ్డు మీద కూడా దాని పట్టు తగ్గి, బ్రేకు వేశాక కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, ట్రెడ్ (టైరులో రోడ్డును తాకే భాగం) మీది సన్నని చీలికలు మంచును పట్టుకుంటాయి. అదే టైరు ఎండలో మరీ మెత్తబడి త్వరగా అరిగిపోతుంది గనుక సెప్టెంబరులోనే వేయించడం కూడా దండగే. 7 డిగ్రీలన్నది గీత గీసినట్టున్న హద్దు కాదు, ఉజ్జాయింపు గుర్తు మాత్రమే. వేసవి టైర్లున్నవారు దాన్ని కచ్చితంగా పాటించాలి, వేసవికీ, ఓ మాదిరి చలికీ పనికొచ్చే ఆల్ సీజన్ టైర్లున్నవారు మరికొన్ని రోజులు ఆగవచ్చు. (ఆదిలాబాదు, లంబసింగి వైపు వారికి తప్ప మనలో ఎక్కువమందికి 7 డిగ్రీలంటేనే గడ్డకట్టే చలి అనిపిస్తుంది, కాబట్టి మన ఒళ్ళు చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు.)

పొరపాటు జరిగేది ఎక్కడంటే, ఫోనులో కనిపించే పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను చూసి నిర్ణయించడంలో. మధ్యాహ్నం 12 డిగ్రీలున్న రోజున కూడా తెల్లవారుజామున సున్నా దగ్గర ఉండవచ్చు. ఆ వేళలో వంతెనల మీద, కింద నుంచి కూడా చల్లగాలి తగలడం వల్ల, మిగతా రోడ్డు కంటే ముందే కంటికి ఆనని గడ్డమంచు పొర ఏర్పడుతుంది. కాబట్టి ఉదయం ఆరింటికి డ్యూటీకి బయలుదేరే నర్సు, పదింటికి తీరిగ్గా బయటికి వచ్చేవారి కంటే ముందే టైర్లు మార్చుకోవాలి. ఒక్క రోజు చలిని చూసి తొందరపడకుండా, తాను కారు తీసే వేళకు వారం పొడుగునా 7 లోపే ఉంటోందా అని గమనిస్తే చాలు. టొరంటో చుట్టుపక్కల పగటిపూట మాత్రమే నడిపేవారికి ఇది దాదాపు నవంబరులో వస్తుంది, కాల్గరీలో అంతకంటే చాలా ముందే వస్తుంది.

తేదీ వల్ల ఒక ఉపయోగం మాత్రం ఎక్కడైనా ఉంది: అక్టోబరు మొదట్లోనే షాపులో రోజు ఖాయం చేసుకోవచ్చు. వింటర్ టైర్లకు విడిగా రిమ్‌లు కొనుక్కుంటే మొదట ఖర్చు ఎక్కువైనా, ఏటా రెండుసార్లు టైరును రిమ్ నుంచి ఊడదీసే పని, దాని కూలీ తప్పుతాయి. చక్రాలు మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి నట్లు మళ్ళీ బిగించుకోవాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గాలి కొట్టే చోట చూసే కొలత) తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ మార్పిడే వద్దనుకునేవారికి ఏడాదంతా ఉంచుకోగల ఆల్ వెదర్ టైర్లున్నాయి. ఇవి ఆల్ సీజన్ టైర్లలాంటివి కావు. వీటి మీద, గట్టి మంచుకు పనికొస్తాయని తెలిపే మూడు శిఖరాల కొండ, మంచురేకు గుర్తు ఉంటుంది కనుక క్విబెక్ చట్టానికీ సరిపోతాయి. ఇంటి నుంచే పనిచేస్తూ, రోడ్లు శుభ్రం చేశాకే ఊళ్ళోకి వెళ్ళేవారికి ఇవి చాలు. ఒంటారియో ఉత్తరాన ఉన్న సడ్‌బరీ లాంటి ఊళ్ళకు తరచూ వెళ్ళేవారికి, గడ్డమంచు మీద అసలైన వింటర్ టైరుకు ఉన్నంత పట్టు వీటికి ఉండదు కనుక, నేను వీటిని సూచించను.

వసంతంలో తిరిగి మార్చేటప్పుడూ ఇదే కొలత. మార్చిలో వచ్చే నాలుగు వెచ్చని రోజులను నమ్మకుండా, ఉదయపు చలి కూడా వారమంతా 7 దాటి నిలిచే దాకా ఆగాలి. ఒంటారియోలో ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది కాబట్టి నెల మధ్య దాకా ఆగితే నష్టం లేదు.