మూడుల్‌లో అసైన్‌మెంట్ సమర్పణ: నా అనుభవం
నల్లగొండ దగ్గరి పల్లెలో ఉండి చదువుకుంటున్న నాకు, అసైన్‌మెంట్ ఇవ్వడానికే బస్సెక్కి కాలేజీకి వెళ్లవలసిన శ్రమను, కోర్సులను ఆన్‌లైన్‌లో నడిపే మూడుల్ తప్పించింది. 2002లో తొలిసారి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గడువు, మిగిలిన సమయం, మార్కులు, అధ్యాపకుల వ్యాఖ్యలు ఒకేచోట కనిపిస్తాయి. అయితే ఫైలు ఎక్కించగానే పని అయిపోయిందని అనుకోకూడదు. కొన్ని కోర్సుల్లో అది చిత్తుప్రతిగానే ఉండిపోతుంది కాబట్టి, ‘సబ్మిట్ అసైన్‌మెంట్’ మీట నొక్కి, ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ అన్న మాట కనిపించేదాకా ఆగి చూడాలి. మా కాలేజీ ఫైలు పరిమాణాన్ని 2 ఎంబీకి పరిమితం చేయడంతో, చేతితో రాసిన పన్నెండు పేజీలను ఫోనులో స్కాన్ చేసి, రాత్రి 11:40కి కూడా పీడీఎఫ్‌ను కుదిస్తూ కూర్చున్నాను. చివరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ పరిమితిని పెంచే వీలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. మా కాలేజీ వెంటనే పెంచాలి.