కంకర రోడ్డు మీద కారు చక్రాలు: లూసిండా విలియమ్స్ ఆల్బమ్‌కు అంత పేరు న్యాయమేనా?

నాలుగైదేళ్ల పిల్ల ఒకతె కారు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. ఆమె ముఖం మీద దుమ్మూ కన్నీళ్లూ కలిసిపోయి ఉంటాయి. ముందు సీట్లోని పెద్దవాళ్లు గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలేమిటో, ఆ ఇల్లు విడిచి ఎందుకు వెళ్తున్నారో పాట చివరి వరకూ చెప్పదు. అమెరికన్ గాయని లూసిండా విలియమ్స్ ఆల్బమ్ ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’లోని రెండవ పాట ఇది, ఆల్బమ్‌కు పేరు కూడా దీనినుంచే వచ్చింది. ఆమె తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, అధ్యాపకుడు. ఆయన ఉద్యోగాల వెంట ఆ కుటుంబం అమెరికా దక్షిణాదిలో ఊరూరా తిరిగింది. ఈ పాట విన్న తరువాత తండ్రి తనను క్షమించమని అడిగారనీ, వెనక సీట్లోని ఆ పిల్ల తానేనన్న సంగతి అప్పటివరకూ తనకే తట్టలేదనీ ఆమె చెప్పారు.

అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతానికి నాష్‌విల్ నగరం కేంద్రం. అక్కడి పరిశ్రమ నునుపు దేల్చిన కంట్రీకి ఎడంగా నిలిచి, పాత కంట్రీని రాక్‌తో, బ్లూస్‌తో కలిపి పాడుకున్నవారి ధోరణికి ఆల్ట్-కంట్రీ అని పేరు. ఆ ధోరణిలో వచ్చిన ఆల్బమ్‌లలో దీనికి దక్కినంత ప్రశంస చాలా కొద్దివాటికే దక్కింది. 1998 జూన్ 30న విడుదలైన ఈ ఆల్బమ్, ఆ ఏడాది న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్ విమర్శకుల చేత వేయించిన ఓట్లలో మొదటి స్థానంలో నిలిచింది. సమకాలీన జానపద విభాగంలో గ్రామీ పురస్కారం కూడా అందుకుంది. ఇంత పేరున్నదాన్ని వినబోయేవారికి సహజంగానే ఒక అనుమానం కలుగుతుంది. నాకూ కలిగింది. మొదటిసారి విన్నప్పుడు మంచి పాటలనిపించాయి తప్ప అంతకు మించి ఏమీ తోచలేదు.

ఈ ఆల్బమ్ గురించి చెప్పేవారు తరచుగా చెప్పేది అది తయారైన కథ. 1992 నాటి ఆల్బమ్ తరువాత దీనికి ఆరేళ్లు పట్టింది. 1995లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, చాలాకాలం తనతో పనిచేసిన గిటారిస్టు గర్ఫ్ మార్లిక్స్‌తో కలిసి ఆమె దీన్ని రికార్డు చేశారు. ఆ తరువాత గాయకుడు స్టీవ్ అర్ల్ ఆల్బమ్‌లో ఒక పాట పాడినప్పుడు అక్కడ తన గొంతు పలికిన తీరు నచ్చి, నాష్‌విల్‌లో ఆయనతోనూ నిర్మాత రే కెనెడీతోనూ పని మళ్లీ మొదలుపెట్టారు. చివరి మెరుగులు లాస్ ఏంజెలిస్‌లో కీబోర్డు వాద్యకారుడు, నిర్మాత రాయ్ బిట్టన్ దగ్గర పూర్తయ్యాయి. ఈ క్రమంలో మార్లిక్స్ స్నేహం దూరమైంది. ఇదంతా ఆసక్తికరమైన కథే అయినా, ఎన్నేళ్లు పట్టిందన్నది వినేవారికి కొలత కాదని నా అభిప్రాయం. నాకు ముఖ్యంగా తోచింది వేరొకటి: అన్నిసార్లు చెక్కినా ఆమె గొంతులోని గరుకుతనం అరిగిపోలేదు. మాటల చివర్లు సాగిపోతాయి, కొన్నిచోట్ల ముద్దగా పలుకుతాయి, అలసట దాచుకోవు. ఆ గొంతును ముందు నిలిపి, గిటార్లను దాని పక్కన ఒదిగి నడిపించడంలోనే ఆ శ్రమ ఫలించింది.

ఈ ఆల్బమ్ అసలు బలం ఊళ్ల పేర్లలో ఉంది. మేకన్, జాక్సన్, గ్రీన్‌విల్, స్లైడెల్, వెస్ట్ మెంఫిస్ అంటూ ఆమె పాడుతుంటే, అవి అలంకారం కోసం కాక ఒక్కొక్క మనిషి బరువును మోస్తూ వినిపిస్తాయి. ‘లేక్ చార్ల్స్’ పాటలోని మనిషి పుట్టింది తూర్పు టెక్సాస్‌లోని నాకడోచెస్‌లో; అయినా తనది లూసియానాలోని లేక్ చార్ల్స్ అనే అందరికీ చెప్పుకునేవాడు. మీదే ఊరని అడిగితే పుట్టిన ఊరు కాక మనసు నిలిచిన ఊరి పేరు చెప్పేవారిని మనమూ చూస్తూనే ఉంటాము, కాబట్టి ఈ పాట అర్థం కావడానికి లూసియానా పటం అక్కరలేదు. లూసిండా పుట్టింది నిజంగానే లేక్ చార్ల్స్‌లో. చనిపోయిన ఆ మనిషిని తలుచుకుంటూ, అతని చివరి క్షణాలలో భయం పోగొట్టేందుకు పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగే చోట ఆమె గొంతు పెంచరు, వణికించరు. ఆ నిగ్రహం వల్లనే ఆ ప్రశ్న పాట అయిపోయాక కూడా వదలదు.

‘డ్రంకెన్ ఏంజెల్’ పాట 1989లో ఆస్టిన్‌లో తుపాకీ కాల్పులకు బలైన గాయకుడు బ్లేజ్ ఫోలీ గురించినది. ఇలాంటి పాటల్లో చనిపోయినవాణ్ని దేవుణ్ని చేయడం తేలిక. ఆమె ఆ పని చేయకుండా, ఇంత ప్రతిభను ఎందుకిలా పారేసుకున్నావని అతన్ని నిలదీస్తారు. ఆ కోపంలోనే ప్రేమ ఉంది. ‘గ్రీన్‌విల్’లో గాయని ఎమిలూ హారిస్ గొంతు కలిపిన తీరు కూడా ఇంతే పొదుపుగా ఉంది: తాగి గొడవ చేసే మనిషిని వచ్చిన ఊరికే వెళ్లిపొమ్మనే ఆ పాటను ఇద్దరూ దాదాపు జోలపాట స్థాయిలో పాడారు.

లోపాలు లేవని అనను. 1980 నాటి తన పాత ఆల్బమ్ నుంచి తెచ్చి మళ్లీ పాడిన ‘ఐ లాస్ట్ ఇట్’ హుషారుగా సాగినా మిగతా పాటల పక్కన పలచగా ఉంది. ‘స్టిల్ ఐ లాంగ్ ఫర్ యువర్ కిస్’లో విరహం ఉంది గాని, ఆ విరహానికి ఊరూ పేరూ లేవు, మరెవరి ఆల్బమ్‌లో ఉన్నా సరిపోయేది. పదమూడు పాటలలో ఈ రెండూ లేకపోయినా లోటు తెలియదు. ర్యాండీ వీక్స్ రాసిన ‘కాంట్ లెట్ గో’ మాత్రం ఆమె సొంత రచన కాకపోయినా, బరువైన పాటల మధ్య ఊపిరి తీసుకునే చోటు ఇచ్చింది.

అందుచేత, ఈ ఆల్బమ్‌కు వచ్చిన పేరు న్యాయమైనదే అని నేను నమ్ముతున్నాను. కొత్తగా వినేవారు 2006లో వచ్చిన రెండు డిస్కుల ప్రతి కన్నా ముందుగా మూల ఆల్బమ్‌నే మొదటి నుంచి చివరి వరకూ వరుసగా వినాలి. సుమారు 52 నిమిషాలు పడుతుంది. విడిగా ఒక్కో పాట వింటే ‘జాయ్’లో తన ఆనందం తనకు తిరిగి ఇమ్మని అడిగే పట్టుదల మొండితనంలా అనిపించవచ్చు; అంతకు ముందున్న పదకొండు పాటలూ విని వచ్చినవారికి ఆ హక్కు ఆమెకు ఎక్కడిది అన్న సందేహం రాదు. దాని వెనకే వచ్చే ఆఖరి పాట ‘జాక్సన్’లో ఆమె మళ్లీ దారి పట్టి, లఫాయెట్, బాటన్ రూజ్, విక్స్‌బర్గ్ అంటూ ఒక్కో ఊరి పేరూ చెప్పుకుంటూ, అక్కడికి చేరేసరికి నీ మీద బెంగ ఉండదని ఒకరితో అంటారు. ఆ మాట ప్రతి ఊరి దగ్గరా మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.