తోడు లేకుండా ఫ్రెంచ్: వింటూ పలకడమా, సొంతంగా మాట్లాడి రికార్డ్ చేసుకోవడమా?

హైదరాబాద్‌లో ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు బోలెడుమంది. మాట్లాడదామంటే మాత్రం ఒక్కరూ దొరకరు. బంజారాహిల్స్‌లో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సెజ్‌లో చేరితే ఆ లోటు తీరుతుంది. అది కుదరనివాళ్లు ఇంట్లో చేయదగ్గవి ముఖ్యంగా రెండు.

ఒకటి, ఆడియో వింటూ దాని వెంటే అచ్చం అలాగే పలకడం. తెలుగువాళ్లకు ఇది ఎందుకు అవసరమంటే, రాసినట్టే చదవడం మన అలవాటు. ఫ్రెంచ్‌లో ఆ అలవాటు దెబ్బకొడుతుంది. 'మాట్లాడు' అనే క్రియను నేను, నువ్వు, వాళ్లు అన్నప్పుడు మూడు రకాలుగా రాస్తారు, పలికేది మాత్రం ఒకటే: 'పార్ల్'. 'వూ' (మీరు), 'అవే' (కలిగి ఉన్నారు) కలిస్తే మన సంధిలా 'వూజవే' అవుతుంది. మనకు లేని అచ్చు ఒకటుంది: నాలుకతో 'ఈ' అంటూ పెదాలను 'ఊ'లా చుట్టాలి. 'పైన', 'కింద' అనే మాటలకు తేడా ఆ ఒక్క అచ్చే! ఇవి పుస్తకంతో రావు, చెవితోనే వస్తాయి. ఫ్రెంచ్ టీవీ ఛానల్ టీవీ5 మోండ్ సైట్‌లో ఏ1 (మొదటి మెట్టు) నుంచి ఏ2, బీ1 మీదుగా బీ2 దాకా స్థాయిలవారీగా అభ్యాసాలున్నాయి. కాస్త ముదిరాక ఫ్రెంచ్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల పది నిమిషాల సులభ ఫ్రెంచ్ వార్తలు మంచివి, టెక్స్ట్ కూడా ఇస్తారు. మెట్రోలో వినడం వరకే, పలికితే పక్కవాళ్లు సీటు మారతారు.

రెండోది, ఆ రోజు జరిగింది ఫోన్‌లో చెప్పి రికార్డ్ చేసుకోవడం. కావాల్సిన మాటను సొంతంగా వెతికి తెచ్చుకోవడం ఇక్కడే అలవాటవుతుంది, మొదటి పద్ధతిలో ఆ పనే ఉండదు. కేబీఆర్ పార్క్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెప్పుకుంటూ నడిచినా ఫోన్‌లో మాట్లాడుతున్నారనే అనుకుంటారు. చిక్కల్లా దిద్దేవాళ్లు లేకపోవడం. 'వెళ్లాను' అనడానికి సహాయక క్రియగా 'ఎత్ర్' (ఉండు)కు బదులు 'అవ్వార్' (కలిగి ఉండు) వాడితే ఆ తప్పే నోటికి పట్టేస్తుంది. రికార్డింగ్ మళ్లీ విని, అనుమానమున్న వాక్యాలు వ్యాకరణం పుస్తకంలో చూసుకోవాల్సిందే.

యాప్‌లు పదాలకు పనికొస్తాయి, అంతకుమించి ఆశించొద్దు.

నా ఓటు: ఏ2 దాకా మొదటిదే, ఆ తర్వాత రెండోదానికి ఎక్కువ టైమ్. ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష డెల్ఫ్‌లో బీ1 రాసేవాళ్లకైతే రెండోది తప్పదు. మాట్లాడే పరీక్షకు వందలో 25 మార్కులు, దాని చివరి భాగంలో పది నిమిషాలు ప్రిపేరై ఒక్కరే మాట్లాడాలి. రెండో భాగం మాత్రం ఎగ్జామినర్‌తో ప్రిపరేషన్ లేని సంభాషణ. దానికి ఈ రెండు పద్ధతులూ చాలవు, పరీక్షకు ముందు నాలుగు క్లాసులకైనా డబ్బు పెట్టడం మేలు.